చీరల వెబ్‌సైట్‌లో ఏది కదలాలి? నా అనుభవం

మాది భూదాన్ పోచంపల్లి. ఇంటి మగ్గాల మీద నేసినవీ, తెలిసిన నేతగాళ్ల దగ్గర తీసుకున్నవీ ఇకత్ చీరలు అమ్ముతాం. ఇన్నాళ్లూ అమ్మకమంతా వాట్సాప్‌లోనే. ఒకే చీరను ముగ్గురు అడగడం, అమ్ముడుపోయిందని ఒక్కొక్కరికీ సర్దిచెప్పడం భారమైపోయి సొంత వెబ్‌సైట్ పెట్టుకుందామనుకున్నాం. డొమైన్ (సైటు చిరునామా పేరు), పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే ఏర్పాటు) లాంటివి తొందరగానే తేలాయి. తేలనిది డిజైన్.

హైదరాబాద్‌లో ఉండే, డిజైనర్ అయిన తమ్ముడు రెండు నమూనాలు చేసి చూపించాడు. మొదటిది తెరవగానే మగ్గం బొమ్మ మీద నాడె (అడ్డం దారాన్ని మోసుకెళ్లేది) అటూ ఇటూ పరుగెడుతుంది, మా దుకాణం పేరు ఒక్కో అక్షరం టైపవుతూ వస్తుంది, వెనకాల వీడియో ఆడుతుంటుంది, కిందికి జరిపితే చీరలు రెండు పక్కల నుంచీ తేలుతూ వస్తాయి. రెండోదానిలో తెల్లటి పేజీ, పైన ఒక చీర, కింద వరసగా మిగతావి, ధర, వాట్సాప్ బటన్. అంతే. లాప్‌టాప్‌లో చూసినంతసేపూ ఇంటిల్లిపాదికీ మొదటిదే నచ్చింది. నాడె కదిలే లయ సరిగ్గా పట్టాడని మా ఆయన ఎంతో మెచ్చుకున్నాడు. నాకూ అది అందంగానే అనిపించింది.

కానీ మా దగ్గర కొనేవాళ్లలో లాప్‌టాప్ ముందు కూర్చుని చూసేవాళ్లు తక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో లింకు నొక్కి ఫోన్లో వస్తారు. అందుకని రెండు లింకులూ చుట్టాలకూ, పాత కొనుగోలుదారులకూ పంపాను. ఏది బాగుందని అడిగితే మొహమాటానికి రెండూ బాగున్నాయంటారు. కాబట్టి ఒక పని చెప్పాను: 5,000 రూపాయల లోపు నీలం రంగు నూలు చీర ఒకటి వెతికి, దాని ఫొటో నాకు పంపండి అని. ఇలాంటి నిర్ణయం ముందు పడేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క పని తప్పకుండా చేయాలని నా గట్టి నమ్మకం.

రెండో నమూనాలోంచి ఫొటోలు గబగబా వచ్చాయి. మొదటిదానికి ఫోన్లు వచ్చాయి. చౌటుప్పల్‌లో ఉండే మా పెద్దమ్మ, "ఇది తిరుగుతనే ఉన్నది, చీరెప్పుడు కనబడ్తది బిడ్డా?" అని అడిగింది. డల్లాస్‌లో ఉండే మా వదినకు వీడియో ఆడనే లేదు. బ్యాటరీ ఆదా కోసం ఐఫోన్‌ను "లో పవర్ మోడ్" (Low Power Mode)లో పెడితే వీడియో దానంతటది మొదలవదట, ఆమెకు నిలిచిపోయిన బొమ్మే కనిపించింది. పైగా తేలుతూ వచ్చే చీరలు చూస్తే ఆమెకు తల తిరుగుతుంది. అలాంటివాళ్ల కోసం ఐఫోన్‌లో రెడ్యూస్ మోషన్, ఆండ్రాయిడ్‌లో యానిమేషన్లు తీసేసే సెట్టింగ్ ఉన్నాయి. ఫోన్లో అది పెట్టుకున్న సంగతి వెబ్‌సైట్ తెలుసుకుని కదలికలు ఆపేసేలా కోడ్ రాయొచ్చు. ఆ నమూనాలో అది రాయలేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది తెలుగు అక్షరం. ఒక్కో అక్షరం టైపయ్యే యానిమేషన్ ఇంగ్లిషుకు సరిపోతుంది. "పోచంపల్లి" అని టైపవుతుంటే "పోచంపల" వరకు వచ్చి, ల మీద పొల్లు పడి, తర్వాత ఒత్తు అతుక్కుని, చివరికి గుడి వస్తుంది. తెలుగు చదివేవాళ్లకు కాసేపు అది తప్పుగా రాసిన మాట. పైగా ఇంగ్లిషు కొలతతో పెట్టిన గడిలో కింది ఒత్తు సగం తెగిపోయింది. ఊరి పేరు విరిగి కనిపించే పేజీని మన ఊరి చీరల కోసం ఎలా ఒప్పుకుంటాం? అక్షరాలను విడగొట్టకుండా పదం మొత్తం ఒకేసారి రావాలనీ, వరసల మధ్య ఎడం పెంచాలనీ ఆ రోజే చెప్పేశాను.

తర్వాత పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో రెండు లింకులూ పెట్టి చూశాం. ఉచితమే, ఎవరైనా చూసుకోవచ్చు. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో రాతో 2.5 సెకన్లలోపు కనబడితే మంచిదనీ, 4 సెకన్లు దాటితే బాగా వెనకబడినట్టనీ గూగుల్ లెక్క. మామూలు లెక్క వేసినా తెలుస్తుంది (ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు): సెకనుకు 4 మెగాబిట్లు అందే చోట 10 ఎంబీల పేజీ పూర్తిగా దిగడానికి 20 సెకన్లు పడుతుంది, 800 కేబీల పేజీకి రెండు సెకన్లు కూడా పట్టదు.

రెండో నమూనాయే మాకు సరైనదని ఇక్కడే తేల్చుకున్నాను. ఆ ఎంబీలన్నీ వెనకాల వీడియోకు పోతే, చీర ఫొటోను కుదించి కుదించి చిన్నది చేయాలి. ఇకత్‌లో దారాన్ని ముందే సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తాం. అందుకే డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టు, ఈకలా ఉంటుంది. ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది. ప్రింట్ చేసిన నకలులో అంచు గీత గీసినట్టుంటుంది, వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. అసలుకూ నకలుకూ తేడా చూపించేది ఆ అంచే. ఫొటో మరీ కుదించేస్తే మొదట పోయేది కూడా అదే. వెబ్‌పీ ఫార్మాట్‌లో ఫొటో తేలికవుతుంది, కానీ నాణ్యత ఎంత తగ్గించాలన్నది మేమే చీరను పక్కన పెట్టుకుని చూసి నిర్ణయించుకున్నాం. మొదట మామూలు ఫొటో వస్తుంది. వేలితో తాకితేనే దగ్గరి ఫొటో, వెనక వైపు ఫొటో దిగుతాయి.

ఇంకో సంగతి, రోజువారీ నిర్వహణ. మా దగ్గర చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి. అమ్ముడుపోయింది తీసేయాలి, కొత్తది ఎక్కించాలి. కదలికల నమూనాలో ప్రతి చీరకూ నేపథ్యం తీసేసిన ఫొటో కావాలి, లేకపోతే తేలుతూ వచ్చే వరస చెడుతుంది. అంటే చీర మారినప్పుడల్లా డిజైనర్‌కు ఫోన్ చేయాలి. సాదా నమూనాలో నేనే నా ఫోన్ నుంచి ఎక్కించుకోగలను.

"అయితే అక్కా, యానిమేషన్ మొత్తం తీసేద్దామా?" అని తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. ఒక చోట అది నాకు కావాలి. కట్టిన దారం మీద రంగు ఎలా నిలబడుతుందో, పేక (అడ్డం) దారాన్ని జరుపుకుంటూ డిజైన్ ఎలా కలుపుతారో ఎన్ని మాటల్లో రాసినా, ఎన్ని ఫొటోలు పెట్టినా కొత్తవాళ్లకు అర్థం కావడం లేదు. డబుల్ ఇకత్ అంటే పడుగూ (నిలువు దారం) పేకా రెండూ కట్టి రంగు వేసినదనీ, అందుకే ధర ఎక్కువనీ చెప్పడానికి కదిలే బొమ్మను మించింది లేదు. దానికి విడిగా ఒక పేజీ చేయించాం. గీతల బొమ్మలే కాబట్టి తేలిక. జరపడం, మెల్లగా కనిపించడం, మాయమవడం, ఈ కదలికలే వాడాడు. చిన్న ఫోన్లో కూడా అవి తడబడవని చెప్పాడు. చూసేవాళ్లు నొక్కితేనే మొదలవుతుంది, ఆపే బటన్ ఉంది. మా ఆయన మెచ్చుకున్న నాడె కూడా ఆ పేజీలోనే ఉంది.

చీర పేజీల్లో కొంగు ఎలా జారుతుందో చూపే చిన్న వీడియో పెట్టాం. అదీ నొక్కితేనే. బుట్టలో వేసినప్పుడు బటన్ రంగు మారుతుంది. హోమ్ పేజీలో ఇంకేదీ కదలదు.

చివరగా, పని ఒప్పుకునే ముందు మేం డిజైనర్‌తో కాగితం మీద రాయించుకున్నవి: డొమైన్ మా పేరు మీదే ఉండాలి, రెడ్యూస్ మోషన్ పెట్టిన ఫోన్లో కదలికలు ఆగాలి, ప్రతి పేజీనీ తెలుగు రాతతో తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో చూపించాకే డబ్బు ఇవ్వాలి. దేనికీ అతను అభ్యంతరం చెప్పలేదు. తెలుగు ఒత్తుల సంగతి ఇకపై వేరే పనుల్లో కూడా ముందే చూసుకుంటానన్నాడు.