వేలు వంగకపోతే కుట్లతో సరిపెట్టొద్దు

పర్లాకిమిడి దగ్గర మా ఊళ్లో కోతలప్పుడు కొడవలి గాట్లు మామూలే, పసుపు అద్ది గుడ్డ కట్టేస్తారు. మొన్న మా చిన్నాన్న అరచేతికి తగిలిన గాటు కూడా చిన్నదే, రక్తం తొందరగానే ఆగింది, కానీ పిడికిలి బిగించమంటే మిగతా వేళ్లన్నీ ముడుచుకున్నాయి, ఉంగరపు వేలు మాత్రం నిటారుగా ఉండిపోయింది.

అలా ఉంటే తెగింది చర్మం ఒక్కటే కాదు. వేళ్లను ముడిచే పెద్ద కండలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి టెండన్లు మణికట్టు దాటి వేళ్ల దాకా వస్తాయి. మీ ముంజేతిని పట్టుకుని వేళ్లు ఆడించండి, కదలిక అక్కడే తెలుస్తుంది. టెండన్ తెగితే కండ లాగేసి ఆ కొస వెనక్కి జారిపోవచ్చు, పైన గాయం మానినా వేలు వంగదు, ఆలస్యమైనకొద్దీ అతకడం కష్టం.

అందుకే వెంటనే బరంపురం తీసుకెళ్లాం, ఆపరేషన్ చేసి కుట్టారు. అసలు పని ఆ తర్వాతే! కుట్టిన టెండన్‌ని బలంగా లాగితే తెగుతుంది, అస్సలు కదపకపోతే చుట్టూ అతుక్కుపోతుంది. చేతికి ఆసరాగా కట్టే స్ప్లింట్ వేసుకుని ఫిజియోథెరపిస్ట్ చెప్పినంతే కదపాలి. "బాగానే ఉంది కదరా, తీసేస్తా" అని చిన్నాన్న రోజూ గొడవ, పిన్ని ఒప్పుకోలేదు.

చెయ్యే పోయినవాళ్లుంటే, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది, కృత్రిమ అవయవాలు అక్కడే తయారుచేసి అమరుస్తారు. దయచేసి వాళ్లకు చెప్పండి.