ట్రాన్స్‌ఫార్మర్ వైవాలో నన్ను నిలబెట్టేసిన ప్రశ్న

ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ ఎగ్జామ్ ఈ మధ్యాహ్నమే అయిపోయింది. గట్టెక్కాను. మనసు ఇంకా కుదుటపడలేదు, అయినా ఇప్పుడే రాసేస్తున్నా.

రికార్డు, డయాగ్రమ్, కనెక్షన్లు చకచకా అయిపోయాయి. నాకు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు వచ్చాయి. మొదటిదాంట్లో ఐరన్ లాస్ (ఇనుప కోర్‌లో వృథా అయ్యే పవర్), రెండోదాంట్లో కాపర్ లాస్ (తీగ చుట్టల్లో వృథా అయ్యేది) తెలుస్తాయి. షార్ట్ సర్క్యూట్ టెస్టుకు స్విచ్ వేసే ముందు వేరియాక్ (వోల్టేజీని తిప్పి పెంచే, తగ్గించే పరికరం) సున్నా మీద ఉందో లేదో చూసుకోండి. పక్క బ్యాచ్‌వాళ్లు చూసుకోలేదు. అమ్మీటర్ ముల్లు ఎగిరి చివర కొట్టుకుంది, ఫ్యూజు పోయింది.

తర్వాత వైవా. ఎక్స్‌టర్నల్ సార్ నా రికార్డు తెరవనైనా లేదు.

“కరెంటును దూరం పంపేటప్పుడు వోల్టేజీ ఎందుకు పెంచుతారు?”

“లాసెస్ తగ్గడానికి సార్.”

“ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ పెరిగితే కరెంటు పెరగాలి. లాస్ కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. మరి తగ్గుతుందంటావేం?”

నోరు పెగల్లేదు. “ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును తగ్గిస్తుంది సార్” అన్నాను.

“అయితే దానికి ఓమ్ నియమం వర్తించదా? మూడేళ్లుగా ఏం చదివావ్?”

వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా క్లాసులో ఈ పాఠాన్ని నోట్సు డిక్టేట్ చేసి సరిపెట్టారు, ఎందుకని అడిగితే “సిలబస్ అవ్వాలి” అన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

బయటికొచ్చి కారిడార్‌లో కూర్చుని రఫ్ కాగితం మీద లెక్క వేశాను. పంపాల్సింది 100 కిలోవాట్లు, లైన్ రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు అనుకున్నాను. పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేదే కాబట్టి, 1,000 వోల్టుల దగ్గర పంపితే కరెంటు 100 ఆంపియర్లు. లైన్లో పడిపోయేది 200 వోల్టులు, వేడిగా పోయేది 20 కిలోవాట్లు. అదే 10,000 వోల్టులకు పెంచితే కరెంటు 10 ఆంపియర్లే. పడిపోయేది 20 వోల్టులు, పోయేది 200 వాట్లు. అంటే ఐదో వంతు పోయేది కాస్తా ఐదొందలో వంతుకు దిగింది!

నేను తడబడిన చోటు అక్కడ దొరికింది. లైన్‌కు ఓమ్ నియమం రాసేటప్పుడు తీసుకోవాల్సిన వోల్టేజీ తీగ పొడవునా పడిపోయే ఆ 20 వోల్టులే. సప్లై వోల్టేజీ 10,000ను అక్కడ పెట్టకూడదు.

బ్యాచ్ మొత్తం అయ్యాక లోపలికెళ్లి, “సార్, ఒక్క నిమిషం” అని కాగితం చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

“మరి ఆ 10,000 వోల్టులూ ఇళ్లకే ఇచ్చేయొచ్చుగా?”

“ఇంట్లో వైర్ల ఇన్సులేషన్ ఆగదు సార్, మనిషి తాకక ముందే షాక్ కొట్టేయొచ్చు. అందుకే దగ్గర్లో మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దించుతారు, న్యూట్రల్‌ను ఎర్త్ చేస్తారు.”

“ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీ ఇస్తే?”

“కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ మారదు కాబట్టి అవుట్‌పుట్ చుట్టలో, అంటే సెకండరీలో, వోల్టేజీ రాదు. సప్లై ఇచ్చే చుట్ట, ప్రైమరీ, మాడిపోతుంది.”

మార్కుల షీట్‌లో నా నంబర్ ఎదురుగా ఉన్న అంకె కొట్టేసి, పక్కన ఇంకోటి వేశారు.