ఐస్ ప్లాంట్ అంటే ఏ ఐస్ ప్లాంట్?

"ఐస్ ప్లాంట్‌కి నీళ్లు ఎన్నాళ్లకోసారి పోయాలి?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఫొటో చూపించమంటాను. ఆ పేరు పెట్టుకున్న మొక్కలు ఒకటి కాదు మరి. డెలోస్పెర్మా నేలబారుగా పాకుతూ మెరిసే ఊదారంగు పూలు పూస్తుంది, నీరు నిలవని నేల దొరికితే చాలు, గట్టి చలిని కూడా ఓర్చుకుంటుంది. కార్పోబ్రోటస్ అలా కాదు, మహా మొండిది. కాలిఫోర్నియాలో రైలు కట్టల మట్టి కొట్టుకుపోకుండా దీన్ని నాటితే, తీరంలోని ఎన్నో ఇసుకదిబ్బలను ఆక్రమించి అక్కడి మొక్కలకు చోటే లేకుండా చేసింది. శరదృతువులో గులాబీరంగు గుత్తులు పూసే ఒక సీడమ్ జాతిని కూడా ఐస్ ప్లాంట్ అనేవాళ్లున్నారు, దానికీ వీటికీ అసలు చుట్టరికమే లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మెసెంబ్రియాంథిమం క్రిస్టాలినం. ఆకును కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి, ఒంటినిండా నీళ్లు నింపుకున్న చిన్నచిన్న బుడగలు ఎండకు తళతళలాడుతుంటాయి. నీటి ఎద్దడి వచ్చినా, మట్టిలో ఉప్పు పెరిగినా ఈ మొక్క తన పద్ధతే మార్చేస్తుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. ఎంత తెలివో!

దీని బంధువే లివింగ్‌స్టోన్ డైసీ. పేరులో డైసీ ఉన్నా అది డైసీల కుటుంబం కాదు. నిజమైన డైసీలో మనకు ఒక పువ్వులా కనిపించేది బోలెడన్ని బుల్లి పూల గుంపు. ఇక్కడ మాత్రం ఉన్నది ఒకటే పువ్వు, ఆ రేకులు కూడా రేకులుగా మారిన కేసరాలు.

పేరు కలవడం వల్ల నిజంగా నష్టం జరిగేది హెన్ అండ్ చిక్స్ అనే మొక్కల విషయంలో. సెంపర్వివమ్‌నీ అలాగే అంటారు, ఎచివేరియానీ అలాగే అంటారు. మొదటిది యూరప్ కొండల మొక్క, మంచులో బయట వదిలేసినా బతుకుతుంది. రెండోదాన్ని అలా వదిలితే తెల్లారేసరికి ఆకులు ఉడికినట్టు మెత్తబడిపోతాయి. సెంపర్వివమ్‌లో పూసిన రోజెట్ (పువ్వులా గుండ్రంగా పరుచుకున్న ఆకుల గుత్తి) చచ్చిపోతుంది, అది సహజం, పక్కన పిల్లలు ఉంటాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఎచివేరియా పూశాక కూడా బతికే ఉంటుంది, కాబట్టి అది వాడిపోతుంటే వేర్లు కుళ్లాయేమో చూడాలి. అందుకే వాడుక పేరుతో పాటు లాటిన్ పేరు కూడా అడిగి కొనమని అందరికీ చెబుతుంటాను.

జెముళ్ల సంగతీ ఇంతే. నాగజెముడు కాక్టస్, బొంతజెముడు, కాడజెముడు మాత్రం విరిస్తే పాలు కారే యుఫోర్బియాలు. కాక్టస్ అయితే ముళ్లు మొలిచే చోట నూగులాంటి చిన్న మెత్త ఉంటుంది, యుఫోర్బియాకు అది ఉండదు. తేడా తెలుసుకోవాలని కొమ్మ మాత్రం విరవకండి, యుఫోర్బియా పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.