పులి-మేక ప్రోగ్రామ్: పులికి ఆలోచన నేర్పడం, బల్లకు నకళ్ళు తీయడం

పైథాన్‌లో రాస్తున్న పులి-మేక ఆట ఇప్పుడు అసలైన చోటికి వచ్చింది. గీతలు, నియమాలు, పులి దూకి మేకను తీసేయడం, అన్నీ నడుస్తున్నాయి. ఇక కంప్యూటరే పులుల తరఫున ఆడాలి, అంటే ఒక ఎత్తు వేసి, దానికి మేకలు ఏం చేస్తాయో చూసి, వెనక్కి వచ్చి ఇంకో ఎత్తు వేసి చూడాలి. ఫంక్షన్‌కి బల్లను ఇచ్చినప్పుడు అసలు బల్ల వెళ్తుందా, నకలు వెళ్తుందా అన్నది తేలకుండా ఇది ఒక్క లైను కూడా కదలదు.

మా తిరుపతి ఇంట్లో ఆడే పద్ధతే తీసుకున్నా, 3 పులులు, 15 మేకలు. బల్ల మీద 23 చోట్లు: కొన దగ్గర 1, మూడు అడ్డగీతల మీద 6 చొప్పున 18, అడుగున 4. పైనుంచి కిందికి 0 మొదలు 22 దాకా నంబర్లు ఇచ్చా. 3లో పులి, 9లో మేక ఉండి 15 ఖాళీ అయితే పులి దూకొచ్చు, ఎందుకంటే ఈ మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. బల్ల అంటే ప్రోగ్రామ్‌లో 23 అంకెల లిస్ట్ (వరుస), ఖాళీ అయితే 0, పులి అయితే 1, మేక అయితే 2. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి అలాగే రాస్తున్నా, చదువుకోవడానికి ఎంతో హాయిగా ఉంది. పేరు మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ అక్షరం మాత్రం రాకూడదు, కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని పెడతాయి, పైథాన్ ఒప్పుకోదు.

ఇక అసలు విషయం.

కొత్త = బల్ల
కొత్త[9] = 2

ఇలా రాస్తే బల్లలో కూడా 9వ చోట మేక వచ్చేస్తుంది. ఒకే మనిషిని ఇంట్లో ఒక పేరుతో, బడిలో ఇంకో పేరుతో పిలిచినట్టు, ఇక్కడ పేర్లు రెండు, లిస్ట్ ఒక్కటే. ఫంక్షన్‌కి ఇచ్చినప్పుడూ అంతే, లోపలి పేరు అదే లిస్ట్‌కి తగిలించిన ఇంకో పేరు. అలాగని పూర్తిగా రిఫరెన్స్ పద్ధతి (బయటి పేరునే లోపలికి ఇచ్చేయడం) కూడా కాదు. ఫంక్షన్ లోపల బల్ల = [0] * 23 అంటే లోపలి పేరు కొత్త లిస్ట్ వైపు తిరుగుతుంది తప్ప బయటి బల్ల చెక్కుచెదరదు. అదే బల్ల[:] = [0] * 23 అని, అంటే ఉన్న లిస్ట్ లోపలివన్నీ మార్చమని రాస్తే బయటి బల్ల కూడా ఖాళీ అయిపోతుంది. 1970లలో కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ బృందం సీఎల్‌యూ భాషలో ఈ పద్ధతిని కాల్ బై షేరింగ్ అంది, నాకు ఆ మాటే సరిగ్గా అతుకుతుంది అనిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లోనూ ఇంతే. పీహెచ్‌పీ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం జాగ్రత్త, అక్కడ అర్రేని ఫంక్షన్‌కి ఇస్తే విలువే వెళ్తుంది, ఆబ్జెక్ట్ అయితే 2004లో వచ్చిన పీహెచ్‌పీ 5 నుంచి హ్యాండిల్ (ఆబ్జెక్ట్ ఏదో చూపే గుర్తు) వెళ్తుంది.

ప్లస్ ఈక్వల్ (+=) దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. దారి అనే లిస్ట్‌కి దారి += [9] అంటే ఉన్న లిస్టే పెరుగుతుంది, పిలిచిన వాళ్ళ దగ్గరా మారుతుంది. దారి = దారి + [9] అంటే కొత్తది పుడుతుంది. అంకె విషయంలో మేకలు -= 1 అంటే ఎప్పుడూ లోపలి పేరు మాత్రమే మారుతుంది, అంకెలు మార్చడానికి వీల్లేనివి కాబట్టి.

నకలు కావాలంటే కొత్త = బల్ల[:] అని కుడివైపు రాస్తే చాలు, లోపల ఉన్నవన్నీ అంకెలే. కానీ ఆట స్థితి అంటే బల్ల ఒక్కటే కాదు, పులులు ఎక్కడున్నాయో చెప్పే లిస్ట్, ఇంకా పెట్టాల్సిన మేకల సంఖ్య, వీటన్నిటినీ పేరు, విలువ జతలుగా దాచే ఒక డిక్షనరీలో పెట్టా. దానికి కాపీ మెథడ్ వాడితే పైపై నకలే వస్తుంది: నకలులో మేకల సంఖ్య తగ్గిస్తే అసలుది అలాగే ఉంటుంది, పులుల లిస్ట్‌లో ఒక చోటు మారిస్తే రెండింట్లోనూ మారుతుంది. సగం విడిపోయి సగం కలిసి ఉండే ఈ స్థితి నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదం, చిన్న పరీక్షల్లో అంతా బాగున్నట్టే కనబడుతుంది. డీప్‌కాపీ అన్నిటినీ విడదీస్తుంది కానీ ప్రతి వస్తువునూ తిరిగి చూసుకుంటూ, ఏది నకలు అయిందో గుర్తు పెట్టుకుంటూ వెళ్తుంది, వేల ఎత్తులు చూసే చోట అది భారమే. పైగా ఏ చోటికి ఏది పక్కనో చెప్పే పట్టిక ఆటంతా మారదు, దానికి నకలు అనవసరం, అందుకే దాన్ని స్థితిలోంచి తీసి బయట పెట్టా. ఆ పట్టికను [[]] * 23 అని మొదలుపెట్టకండి, ఒకే ఖాళీ లిస్ట్ 23 సార్లు వస్తుంది, ఒక చోటికి పొరుగును చేర్చితే అన్నిటికీ చేరుతుంది. ప్రతి చోటికీ విడిగా కొత్త లిస్ట్ పుట్టేలా లిస్ట్ కాంప్రహెన్షన్‌తో, అంటే [[] for _ in range(23)] అని కట్టాలి.

చివరికి ఆలోచించే ఫంక్షన్‌లో నకలే వద్దనుకున్నా. అసలు బల్ల మీదే ఎత్తు వేసి, చూసి, వెనక్కి తీయడం. పులి 3 నుంచి 15కి దూకితే మారేవి మూడు చోట్లే, ఎత్తును (3, 15, 9) (ఎక్కడి నుంచి, ఎక్కడికి, చచ్చిన మేక చోటు) అనే, మార్చడానికి వీల్లేని లిస్ట్ లాంటి టపుల్‌గా దాచుకుంటే వెనక్కి తీయడం తేలిక, చచ్చిన మేకల లెక్క కూడా ఒకటి తగ్గించాలి. దూకని ఎత్తుకు మూడో చోట -1 పెట్టాలనిపిస్తుంది, పెట్టకూడదు, బల్ల[-1] అంటే పైథాన్‌కి చివరి చోటు, అంటే మన 22. నన్ (None, ఏమీ లేదు అని చెప్పే పైథాన్ విలువ) పెట్టాలి. పులుల లిస్ట్‌లో కూడా పాతది తీసేసి కొత్తది చివర చేర్చడం కాకుండా, పులులు[0] = 15 అని ఉన్న స్థానంలోనే మార్చాలి, లేకపోతే వెనక్కి తీశాక వరుస మారిపోతుంది. ఆలోచన మొదలవకముందు బల్లను టపుల్‌గా తీసి పెట్టి, అయ్యాక రెండూ సమానమా అని ఒక అసర్ట్ (తేడా వస్తే ప్రోగ్రామ్‌ను ఆపేసే తనిఖీ) పెట్టా, అది ఎప్పటికీ తీయను.

వెనక్కి బటన్ కోసం దాచే పాత స్థితులు మాత్రం తప్పనిసరిగా టపుల్ నకళ్ళే. లిస్ట్‌నే దాస్తే చరిత్ర అంతా ఇప్పటి బల్లనే చూపిస్తుంది. టపుల్ వల్ల ఇంకో లాభం, దాన్ని డిక్షనరీకి కీగా (వెతికే పేరుగా) వాడుకోవచ్చు, పక్కన ఎవరి వంతు, ఎన్ని మేకలు మిగిలాయి అన్నవి చేర్చి, చూసేసిన స్థితిని మళ్ళీ లెక్క కట్టకుండా దాటేయొచ్చు. ఆ డిక్షనరీని, పిలిచేవాళ్ళు ఏమీ ఇవ్వకపోతే వాడే ఫంక్షన్ డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఖాళీగా పెడితే అది ఫంక్షన్ తయారైనప్పుడు ఒక్కసారే పుట్టి అన్ని పిలుపులకీ అదే ఉంటుంది, కాబట్టి డిఫాల్ట్‌గా నన్ పెట్టి లోపల కొత్తది చేస్తున్నా.

చింతపిక్కలు మేకలుగా పెట్టుకుని పక్కనే నిజం బల్ల మీద సరిచూస్తూ అవ్వ ఆడింది. "ఏమిరా, నీ పులి మేక కనపడితే చాలు దూకతా ఉండాది, ఇరుక్కుంటాదని చూసుకోదా" అంది. ఆమె చెప్పింది నిజం, పులికి వచ్చే మార్కులన్నీ ఇప్పుడు చంపిన మేకల మీదే ఉన్నాయి. తర్వాతి పని ప్రతి పులికీ కదిలే దారులెన్ని మిగిలాయో లెక్కలో చేర్చడం, ఆ ఫంక్షన్ బల్లను చదువుతుంది అంతే, రాయదు కాబట్టి అసలు బల్లనే ఇస్తా.