ట్రెయిలర్ ఏబీఎస్ దీపం: ఆరు వారాలకు దొరికిన ఆచూకీ

నిన్న రాత్రి 9 గంటల 40 నిమిషాలకు, బండిని కదలకుండా నిలిపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, ట్రెయిలర్ లైట్లన్నీ వేసి, బావగారు బ్రేకు పెడల్‌ను తొక్కి పట్టుకొని ఉండగా, ట్రెయిలర్ ఏబీఎస్‌ను (చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే బ్రేకు ఏర్పాటును) నడిపే కంప్యూటర్ పెట్టె, అంటే ఈసీయూ, కనెక్టర్ దగ్గర నా మీటరు 9.3 వోల్టులు చూపించింది. మరో రెండు క్షణాలకు ట్రెయిలర్ ఎడమ పక్కన, వెనక చివర, ఏబీఎస్ లోపాన్ని చెప్పే ముదురు పసుపు దీపం వెలిగింది. “వెలిగింది, చూడు” అని బావగారు అద్దంలో చూసి అరిచారు. “బావగారూ, పెడల్ వదలకండి” అని నేను కింద నుంచి అరిచాను. ఆరు వారాలుగా రోడ్డు మీద తప్ప ఎక్కడా కనబడని లోపం ఇంటి ముందు, నేను కోరినప్పుడు కనబడటం ఇదే మొదటిసారి. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

కొత్తగా చదువుతున్న వారి కోసం బండి వివరాలు క్లుప్తంగా చెబుతాను. ట్రెయిలర్ 28 అడుగులది, 1999 జూన్‌లో తయారైనది, ఏబీఎస్ 2ఎస్/1ఎం పద్ధతి, అంటే రెండు చక్రాలకు వేగం చూసే సెన్సార్లు, బ్రేకు గాలిని అదుపు చేసే ఒక మాడ్యులేటర్ వాల్వు. దాన్ని లాగే ముందు లారీ, అంటే ట్రాక్టర్, కూడా 1999 నాటిదే. ఇద్దరం కలిసి కొన్న బండి ఇది. లైసెన్సు ఉన్నది బావగారికి కాబట్టి అమెరికాలోని డెంటన్ చుట్టుపక్కల రోడ్ల మీద నడిపేది ఆయన, వైరింగ్ పని నాది. అమెరికా నిబంధన ప్రకారం 1998 మార్చి 1 తరువాత తయారైన ఎయిర్ బ్రేక్ ట్రెయిలర్లకు ఏబీఎస్ తప్పనిసరి కాగా, ట్రెయిలర్ లోపాన్ని క్యాబిన్‌లో చూపించే దీపం 2001 మార్చి 1 తరువాతి ట్రాక్టర్లకు మాత్రమే వచ్చింది. అందువల్ల మాకు డాష్‌బోర్డు మీద ఏదీ కనబడదు. ట్రెయిలర్ వెనక ఎర్రని సైడ్ మార్కర్‌కు 150 నుంచి 600 మిల్లీమీటర్ల దూరంలో బిగించిన ఆ చిన్న దీపాన్ని ఎడమ అద్దంలో చూసుకోవడమే దారి. అది వెలిగినా మామూలు బ్రేకులు పని చేస్తూనే ఉంటాయి. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు ఒక్కటే లేకుండా పోతుంది. ఖాళీ ట్రెయిలర్‌తో తడి రోడ్డు మీద అది లేకపోవడం చిన్న విషయం కాదు.

మా ట్రెయిలర్ దీపం తాళం తిప్పగానే దాదాపు మూడు సెకన్లు వెలిగి, వాల్వు టక్కుమన్న చప్పుడు వినబడ్డాక ఆరిపోయేది. అంతవరకు అంతా సవ్యమే. బయలుదేరిన తరువాత ఎప్పుడో ఒకప్పుడు వెలిగి, ఆపి మళ్లీ తాళం తిప్పేదాకా ఆరేది కాదు. మొదటి వారంలో దీపం మెరుపుల లెక్కతో లోపాల కోడ్లు చదివితే రెండు వచ్చాయి: ఒకటి కుడి సెన్సార్, రెండవది తక్కువ వోల్టేజి. ఆ నెల ట్రాక్టర్ బ్యాటరీ నీరసంగా ఉండటం వల్ల రెండవ కోడ్ అప్పుడు నమోదై ఉంటుందని భావించి, దాన్ని పక్కన పెట్టి సెన్సార్ మీద పడ్డాను. నాలుగు వారాలు అక్కడే పోయాయి.

ఆ నాలుగు వారాల కొలతలు ఎవరికైనా ఉపయోగపడవచ్చు. సెన్సార్ నిరోధం ఎడమ వైపు 1,720 ఓములు, కుడి వైపు 1,690 ఓములు. 900 నుంచి 2,000 మధ్య ఉండాలి కాబట్టి రెండూ బాగున్నట్టే. చక్రాన్ని పైకి లేపి రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పితే, సెన్సార్ ముందు చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగు, అంటే టోన్ రింగు, 100 పళ్లది కాబట్టి మీటరు దాదాపు 50 హెర్ట్జ్ చూపిస్తుంది. ఆ వేగంలో కనీసం 0.2 వోల్టుల ఏసీ రావాలి. ఎడమ వైపు 0.62 వోల్టులు స్థిరంగా వచ్చాయి. కుడి వైపు మాత్రం ప్రతి చుట్టులోనూ 0.17కూ 0.55కూ మధ్య ఊగింది. హబ్ మీద సుద్దముక్కతో గీత పెట్టి చూస్తే ప్రతిసారీ ఒకే చోట తగ్గుతోంది. డయల్ గేజ్ పెడితే టోన్ రింగు 0.016 అంగుళం వంకరగా తిరుగుతోంది. బేరింగు ఎండ్ ప్లే, అంటే హబ్ లోపలికీ బయటికీ కదిలే వదులు, 0.001 నుంచి 0.005 అంగుళం మధ్య ఉండవలసింది 0.011 ఉంది. హబ్ ఊడదీస్తే, రింగు అడుగున తుప్పు పొరలు పొరలుగా పేరుకొని, ఒక పక్కన రింగును పైకి ఎత్తేసింది. గోరుతో గీకితే బిస్కెట్ పొడిలా రాలింది. శుభ్రం చేసి రింగును మళ్లీ కూర్చోబెట్టి, సెన్సార్‌ను పట్టి ఉంచే కొత్త స్ప్రింగ్ బుష్ వేసి, సెన్సార్‌ను రింగుకు తగిలేదాకా నెట్టి, బేరింగు సరిచేశాక 0.49 నుంచి 0.58 వోల్టుల మధ్య వస్తోంది. పాత బుష్‌నే మళ్లీ వాడేవారు చాలామంది ఉన్నారు; అది పట్టు కోల్పోయి సెన్సార్‌ను మెల్లగా వెనక్కి జారనిస్తుంది కాబట్టి ఆ పొదుపును నేను ఒప్పుకోను.

ఇంత చేశాక కూడా దీపం వెలిగింది. ఆ రాత్రి నిజంగా నిరాశ కలిగింది.

అప్పుడు నోటుపుస్తకం తిరగేశాను. పదకొండు ప్రయాణాలలో ఐదుసార్లు దీపం వెలిగింది, ఆ ఐదూ పొద్దుగూకిన తరువాతివే. పగటి ప్రయాణాలు ఆరింటిలో ఒక్కసారి కూడా వెలగలేదు. రాత్రి చలికి సెన్సార్ వైరులో ఎక్కడో తెగిన పోగు విడిపోతోందేమో అనుకొని, కుడి సెన్సార్‌కూ దాని వైరుకూ ఇరవై నిమిషాలు ఐసు సంచులు చుట్టి ఉంచాను. నిరోధం 1,690 నుంచి 1,560 ఓములకు దిగింది. రాగి తీగ ఇరవై డిగ్రీలు చల్లబడితే తగ్గవలసినంతే తగ్గింది తప్ప ఎక్కడా తెగలేదు. చలి అనే ఊహ అంతటితో ముగిసింది. రాత్రికీ పగటికీ మిగిలిన తేడా ఒక్కటే: లైట్లు.

ఇక్కడే విషయం తేలింది. ట్రాక్టర్‌నూ ట్రెయిలర్‌నూ కలిపే ఏడు పిన్నుల కనెక్టర్‌లో ఏబీఎస్‌కు కరెంటు రెండు దారుల్లో వస్తుంది: నీలం వైరు ఎప్పుడూ ఇచ్చేది, అది పోతే బ్రేకు లైటు ఎర్ర వైరు ఆదుకొనేది. వచ్చే దారులు రెండున్నాయి గానీ తిరిగి వెళ్లే దారి ఒక్కటే, తెల్ల వైరు. ట్రెయిలర్ మీది ప్రతి బల్బు కరెంటూ ఏబీఎస్‌తో పాటు ఆ ఒక్క ఎర్త్ గుండానే ట్రాక్టర్‌కు తిరిగి రావాలి. నేను వారాల తరబడి నీలం పిన్ను దగ్గర వోల్టులు చూసి తృప్తి పడ్డాను. తెల్ల వైరును ఓమ్ మీటరుతో కొలిస్తే 0.1 మాత్రమే చూపించింది. లోడు లేని వైరును ఓమ్ మీటరు ఎప్పుడూ మెచ్చుకొంటుంది, ఎందుకంటే అది పంపే కరెంటు మిగిలిన ఒకటి రెండు పోగులకు కూడా సరిపోతుంది.

నిన్నటి కొలతలు ఇవి. ట్రాక్టర్ సాకెట్ దగ్గర 13.7 వోల్టులు, నీలం వైరులో నష్టం 0.6. లైట్లు వేయకముందు ఎర్త్‌లో నష్టం 0.3 వోల్టులు, ఈసీయూ దగ్గర 12.8. టెయిల్ లైట్లు, క్లియరెన్స్ లైట్లు అన్నీ వేస్తే మొత్తం 9 ఆంపియర్లు, ఎర్త్ నష్టం 2.6 వోల్టులు, ఈసీయూ దగ్గర 10.5. దానికి బ్రేకు కలిపితే 13 ఆంపియర్లు, నష్టం 3.8, ఈసీయూ దగ్గర 9.3, మా ఈసీయూకు కనీసం 9.5 కావాలి. ఎడమ ఇండికేటర్ కూడా వేస్తే అది వెలిగిన ప్రతిసారీ 8.7కు పడిపోతోంది. అదే పగటిపూట బ్రేకూ ఇండికేటరూ కలిపినా 7 ఆంపియర్లే కాబట్టి 11 వోల్టులు మిగులుతున్నాయి. పగలు వెలగకపోవడానికి కారణం ఇదే.

తరువాత ఒక ప్రోబును ట్రాక్టర్ తెల్ల పిన్ను మీదే ఉంచి, రెండవదాన్ని ఒక్కో జాయింటు దాటిస్తూ వెళ్లాను. స్ప్రింగు కేబుల్ అవతలి చివర 0.2 వోల్టులే, నోస్ బాక్సు (ట్రెయిలర్ ముందు భాగంలో ఆ కేబుల్ సాకెట్ ఉండే పెట్టె) లోపలి స్టడ్ దగ్గర 3.5. అంటే నష్టమంతా సాకెట్ వెనక, ఒక చేతివేలి పొడవు వైరులోనే ఉంది. మూత తీస్తే పైతొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని కోసి చూస్తే లోపల పచ్చటి పొడి, దాని నడుమ నల్లబడ్డ రాగి పోగులు. ట్వీజర్‌తో లాగితే సగానికి పైగా చేతికి వచ్చేశాయి. వైరు కోసి కొత్త లగ్ క్రింప్ చేశాక అదే లోడు మీద ఎర్త్ నష్టం 0.6, ఈసీయూ దగ్గర 12.5 వోల్టులు.

ఒక మాట చెప్పాలి. చదువుకొనే రోజుల్లో విజయవాడ ఆటోనగర్ షెడ్లలో నేను చూసిన లారీలన్నీ 24 వోల్టులవి. అదే వాటేజి బల్బుకు అక్కడ సగం కరెంటే పోతుంది కాబట్టి ఇంతే చెడిన ఎర్త్ అక్కడ ఇంత త్వరగా బయటపడదు. యూరప్ పద్ధతిలోనైతే ఏబీఎస్‌కు ఐఎస్ఓ 7638 అనే వేరే కనెక్టరే ఉంది, ఎర్త్ పిన్నులు కూడా దానికి సొంతం. బ్రేకులకు సంబంధించిన ఈసీయూను మార్కర్ బల్బులతో ఒకే ఎర్త్ మీద ఉంచడం కంటే అదే సరైన పద్ధతని నా గట్టి అభిప్రాయం.

ఇంకా ఒక ముడి విడలేదు. ఐదుసార్లలో ఒకసారి, సెన్సార్ పని అయిన తరువాత, బ్రేకు తొక్కకుండా తిన్నగా వెళుతుండగా దీపం వెలిగిందని బావగారు కచ్చితంగా చెబుతున్నారు. అప్పుడు లెక్క ప్రకారం 10.5 వోల్టులు ఉండాలి. గతుకుల్లో ఆ తెగిన పోగులు కదిలి క్షణకాలం ఇంకా తగ్గి ఉండవచ్చు. అదే నిజమైతే ఇక వెలగకూడదు. కుడి సెన్సార్ మళ్లీ వెనక్కి జరుగుతోందేమో అన్నది రెండవ అనుమానం.

శనివారం రాత్రి అదే గతుకుల రోడ్డు మీద వెళతాం. ఈసీయూ నుంచి క్యాబిన్‌లోకి పొడవాటి వైరు లాగి, నా ఫ్లూక్ 87 మీటరును, అతి తక్కువ, అతి ఎక్కువ విలువలను గుర్తుంచుకొనే మిన్-మాక్స్‌లో పెట్టి నా ఒళ్లో ఉంచుకొంటాను. ఈ ఒక్క సదుపాయానికే ఆ మీటరు ధర గిట్టుతుంది. ఆ తరువాత మార్కర్ బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీలు వేయాలి. గ్రోట్, ట్రక్‌లైట్ కంపెనీలవి రెండూ చూశాను, వైరు చివర సీలు బాగుందని గ్రోట్ వైపు మొగ్గుతున్నాను. చలికాలంలోగా క్యాబిన్‌లో కూడా ట్రెయిలర్ ఏబీఎస్ దీపం పెట్టాలని ఉంది. ఏడు పిన్నులూ నిండిపోయినందువల్ల కొత్త బండ్లలో ఆ సంకేతాన్ని నీలం వైరు మీదే, కరెంటుతో కలిపి, పీఎల్‌సీ అనే పద్ధతిలో పంపుతారు. మా 1999 ఈసీయూ ఆ సంకేతం ఇవ్వదు కాబట్టి, ముందు దానికి తగిన సెకండ్‌హ్యాండ్ ఈసీయూ ఒకటి వెతకాలి.