చుక్క ఎక్కడిది?

బరంపురంలో మా మేడమీది బాత్రూమ్ కింద స్లాబు చుక్కలు కారుస్తోంది. మేస్త్రీ చూడగానే "టైల్స్ మొత్తం పీకేయాలి బాబూ" అన్నాడు. డబ్బు వాడిది కాదుగా!

ప్లంబర్ మామయ్య మాత్రం తొందరపడలేదు. కుళాయిలన్నీ కట్టేసి రాత్రంతా ట్యాంకు మట్టం చూశాడు, తగ్గలేదు. అంటే ట్యాంకు నుంచి నీళ్లొచ్చే పైపు లీకు కాదు. బాత్రూమ్ నేలమీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌లోకి నేరుగా బకెట్ నీళ్లు పోస్తే కింద చుక్క పెరగలేదు. అప్పుడు దాని మూతి గుడ్డతో బిగించి, నీలిమందు కలిపిన నీళ్లు నేలమీద నిలబెట్టాడు. సాయంత్రానికి స్లాబు కింద లేత నీలం చుక్క! నాకు టెన్షన్ పోయి నవ్వొచ్చింది.

ట్రాప్ అంచున, టైల్స్ సందుల్లో నింపే ఫిల్లింగ్ వెంట్రుకవాసి విడిపోయింది. అసలు ఫిల్లింగ్ నీళ్లను పూర్తిగా ఆపదట, ఆపాల్సింది టైల్ కింది వాటర్‌ప్రూఫింగ్ పొర. అదీ అక్కడే చిట్లింది. నాలుగు టైల్స్ తీస్తే సరిపోయింది. ఆ రంగు టైల్ మాత్రం బరంపురంలో ఏ షాపులోనూ దొరకడం లేదు.