ఎల్కతుర్తి దగ్గర ఒంటె దాహం

మే నెలలో హన్మకొండ నుంచి కరీంనగర్ పోవాలంటే పొద్దున్నే బయల్దేరాలి. నాకు దొరికింది మిట్టమధ్యాహ్నం బస్సు. అదీ హసన్‌పర్తి దాటినప్పటి నుంచి మూలుగుతూ ఎల్కతుర్తి దగ్గర ఆగిపోయింది. "ఎనక ఇంకో బండి వస్తది, అందుల ఎక్కిస్త" అని కండక్టర్ నీడ చూసుకున్నాడు. ఇరవై రూపాయల నీళ్ల బాటిల్ ముప్పై చెప్పాడు కొట్టతను. కూలింగ్ చార్జీ అట! ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

రోడ్డు పక్క వేపచెట్టు కింద రెండు ఒంటెలు. రాజస్థాన్ వాళ్లు వాటి పాలు అక్కడికక్కడే పిండి అమ్ముతున్నారు. గ్లాసు యాభై. ఉప్పుప్పగా ఉన్నాయి, అంత పెట్టాల్సినవి కావు.

అప్పుడే ఒకతను బోరు తొట్టి నింపి పెద్ద ఒంటెను వదిలాడు. తాగి నాలుగు రోజులైందట. మూతి పెట్టింది మొదలు తల ఎత్తలేదు. కిందికి వంచిన ఆ పొడుగు మెడలో గుటక గుటకకూ ఒక ఉబ్బు పైకి పాకుతోంది. లోపలికి పోయిన డొక్క కళ్లముందే నిండుతోంది. బాగా దాహం మీదున్న ఒంటె పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్ల దాకా లాగేస్తుంది.

ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని కాబట్టి నా ధ్యాసంతా దాని రక్తం మీదే. మన ఎర్రకణాలను మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. ఒంటెవి కోలగా ఉంటాయి, రెట్టింపుకు మించి ఉబ్బినా తట్టుకుంటాయి. ఎండలో ఒంటి బరువులో పావు వంతు నీరు పోయినా, అందులో రక్తం నుంచి పోయేది కొద్దిగానే. అందుకే రక్తం మరీ చిక్కబడదు. మనకు ఆ పావు వంతులో సగం నీరు పోయినా ప్రాణం మీదికొస్తుంది.

"గన్ని నీళ్లు ఆ మూపురంల దాస్తదా బిడ్డా?" పక్కన కూర్చున్న పెద్దమ్మ అడిగింది.

"అందులో ఉండేది కొవ్వు పెద్దమ్మా. నీళ్లు పొదుపు చేసే తీరే వేరు" అన్నాను. నీళ్లు కరువైనప్పుడు దాని ఒళ్లు తెల్లారగట్ల 34 డిగ్రీలు, సాయంత్రానికి 41. మనకైతే 41 అంటే ఐసీయూ. అది మాత్రం ఆ వేడిని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. ఐదొందల కిలోల ఒంటెకు ఆ ఒక్క పనితోనే రోజుకు నాలుగైదు లీటర్ల చెమట మిగులుతుంది. మూత్రంలో పోవాల్సిన యూరియాను కూడా చాలావరకు కడుపులోకే మళ్లిస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ప్రొటీన్‌గా మారుస్తాయి. గడ్డి నాసిదైనా నెట్టుకొచ్చేది అందుకే.

పెద్దమ్మ అంతా విని నా ఒళ్లోని రెండు బాటిళ్ల వైపు చూసింది. "గిన్ని తెలిసినదానివి, వేడినీళ్లకు అరవై రూపాయలెందుకు పెడ్తివి?"

బస్సొచ్చింది. హుజూరాబాద్ దాకా నిలబడే పోయాను. పెద్దమ్మకు మాత్రం ఎక్కగానే సీటు దొరికింది.